ఏడు ముళ్ళ గంట

తమ్ముడికి అక్క దీవెనలు.

మా రేవు పడవ మునిగిన సంగతి పేపర్లో చూసే ఉంటావు. దేశమంతా ఏడుస్తోందట. పోయిన పంతొమ్మిది మందిలో ఏడుగురి బట్టలు నేను కుట్టినవే. కొలతల పుస్తకం తెరవడానికి చెయ్యి రావడం లేదు. మీ బావ రెండో పడవ మీద ఉండబట్టి మిగిలారు. రేపటి నుంచి ఆ పడవ తిరగాలి, ఆసుపత్రి అవతలి ఒడ్డున ఉంది కదా. ప్రతి పడవకీ లైఫ్ జాకెట్లు ఇచ్చే చట్టం మంగళవారం మీ పార్లమెంటుకి వస్తుందన్నావు. వస్తుందా?

నీ అక్క

తా.క. మీ బావకి ఈత రాదు. ముప్పై ఏళ్ళుగా పడవ నడుపుతూ కూడా నేర్చుకోలేదు. నీళ్ళంటే గౌరవమట.

*

అక్కకి నమస్కారాలు.

మీ ఊరి కోసం పది రోజులు సభ పనులన్నీ ఆపేశారు. ఇలాంటప్పుడు క్యాంటీన్ ధరల మీద కీచులాడుకుంటే పోయినవాళ్ళకి అవమానం కాదూ? ఇరవై రెండేళ్ళుగా పొద్దున్న పదింటికి నేను గంట కొడితేనే సభ. గంట మోగి అందరూ కూర్చున్నారంటే, ఒక్క పనైనా తేల్చకుండా లేవకూడదని రూలు. అంతటి గంట నాలుకకి నల్లగుడ్డ చుట్టి, నా చేత్తో ఏడు ముళ్ళు వేశాను.

నీ తమ్ముడు

తా.క. మంగళవారం జాబితాలో మొదటిది మీ చట్టమే. దాన్ని కూడా చాలా గౌరవంగా ఆపారు.

*

తమ్ముడూ, బాగున్నావా.

పది రోజుల మౌనంతో మా ఊరికి సరిపోతుందనుకున్నారా? ఇక్కడ ఎవరూ పని ఆపలేదు. రొట్టెలవాడి చిన్న కూతురు పోయింది. అయినా తెల్లారకముందే పొయ్యి వెలిగించి, ఏడుస్తూనే పిండి పిసుకుతున్నాడు. నేను మిషన్ తొక్కుతూనే ఏడుస్తున్నాను. రెండూ ఒకేసారి చెయ్యొచ్చని మీవాళ్ళకి చెప్పు.

అక్క

తా.క. మీ బావ పనికి బయల్దేరేటప్పుడు వాకిట్లోకి రావడం మానేశాను. చూస్తే పంపలేను.

*

అక్కకి,

నీ ఉత్తరంలో మొదటి వాక్యం మా కార్యదర్శిగారికి చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. రెండో వాక్యం ఎత్తుకునేలోపే పైవాళ్ళ దగ్గరికి వెళ్ళి, పది రోజులు చాలవని ఊరు బాధపడుతోందన్నారు. ఇరవై రోజులు చేశారు. సభ తరఫున పూలచక్రం కూడా పంపుతున్నారు.

తమ్ముడు

తా.క. చక్రం కాస్త పెద్దది. మా గుమ్మంలోంచి పట్టక కిటికీ ఊడదీశారు.

*

తమ్ముడికి,

మీ పూలచక్రం దిగింది. ఎనిమిది మంది మోశారు. ఇవతలికి తేవడానికి మీ బావ పడవే దిక్కు. నది మధ్యలో పడవ ఓ పక్కకి ఒరిగింది. మునిగుంటే ఇంకో పది రోజుల సంతాపానికి మీకు పని దొరికేది. నేను ఒడ్డునే ఉన్నాను. వెటకారంగా రాస్తున్నాననుకోకు. నాకు భయమేస్తోంది. ఆయన లేని ఇల్లు నాకొద్దురా.

అక్క

తా.క. ఒరిగినప్పుడు మీ బావ పట్టుకున్నది ఆ చక్రాన్నే. పడవలో తేలే వస్తువు అదొక్కటేనట.

*

అక్కకి నమస్కరించి రాసేది.

ఇక్కడ ఒక పొరపాటు జరిగింది. ఇవాళ సంతాప పుస్తకంలో సంతకాలు పెట్టడానికి సభ్యులంతా వచ్చారు. పదయింది. ఇరవై రెండేళ్ళ అలవాటు కదా, చెయ్యి తాడు లాగేసింది. గంట వినగానే వాళ్ళూ అలవాటు కొద్దీ వెళ్ళి కూర్చున్నారు. కూర్చున్నాక రూలు రూలే. మీ చట్టం పావుగంటలో పాసైంది. ఒక్కరు కూడా అరవలేదు. తర్వాత లేచి మౌనంగా నిలబడ్డారు. ఆ నిలబడడం ఈసారి నాకు నిజమనిపించింది.

నన్ను గంట దగ్గర్నుంచి తీసి సభ్యుల గొడుగులు దాచే గదిలో వేశారు.

తమ్ముడు

తా.క. గొడుగులు ఉపన్యాసాలివ్వవు. హాయిగానే ఉంది.

*

మా తమ్ముడికి,

జాకెట్లు నలభై వచ్చాయి. మీ బావ తనది తొడుక్కుని అద్దం ముందు నుంచి కదలడం లేదు. రొట్టెలవాడు పిల్లల సైజుది ఒకటి చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. మళ్ళీ జాగ్రత్తగా మడిచి పడవలో పెట్టాడు. ఇవాళ వాకిట్లోకి వచ్చి మీ బావని పంపాను.

ఎవరో గంటలాయన పొరపాటు మేలు చేసిందని ఊళ్ళో అంటున్నారు. నేను నోరు మెదపలేదు.

నీ అక్క

తా.క. గంట నాలుకకి గుడ్డ చుట్టానని నువ్వే రాశావు. చిన్నప్పుడు బూటు లేసు ముడిపడితే ఏడుస్తూ నా దగ్గరికి వచ్చేవాడివి. ఆ ఏడు ముళ్ళూ విప్పడానికి ఎంతసేపు పట్టిందిరా?