బావురుపిల్లి, సున్నుండల డబ్బా

తెనాలి, ఫిబ్రవరి 1974

ఫారెస్టరు బర్నబాస్‌కి సుబ్బరత్నమ్మ ఆశీస్సులు.

మొన్న మావారితో రేపల్లె దాకా రైల్లో, ఆపైన పడవలో మీ మడ అడవికి వచ్చిన ముసలిదాన్ని నేనే. చేపలు పట్టుకు తినే బావురుపిల్లిని చూపిస్తానని పొద్దుగూకేదాకా బురద చూపించావు. బురద మా పొలంలోనూ ఉంది, టిక్కెట్టు లేకుండా. పడవెక్కేముందు లాక్కున్న నా సున్నుండల డబ్బా వెంటనే పంపు.

నడుం నొప్పితో,
సుబ్బరత్నమ్మ

తా.క. డబ్బా మీద మా అత్తగారి పేరు చెక్కి ఉంది. ఆవిడ పోయినా చూస్తూనే ఉంటుంది.

*

మామ్మగారికి బర్నబాస్ నమస్కారాలు.

రక్షిత అడవిలో జంతువులకు తిండి పెట్టకూడదండి. అందుకే డబ్బా తీసుకున్నాను. ఇక పిల్లి ఎందుకు రాలేదంటారా, మీరు పడవెక్కింది మొదలు దిగేదాకా మాట్లాడుతూనే ఉన్నారండి. మీ ఆడపడుచు కాపురం సంగతి విని కొంగలు కూడా లేచిపోయాయి.

మీ విధేయుడు,
బర్నబాస్

తా.క. శుక్రవారం పెద్దసారు తనిఖీకి వస్తున్నారు. ఆయన కంట పిల్లి పడకపోతే అడవిని వంటచెరుకు కాంట్రాక్టుకి ఇచ్చేస్తారట. ఆయన మీకన్నా ఎక్కువ మాట్లాడతారు. ప్రార్థన చేస్తున్నాను.

*

నాయనా బర్నబాస్,

కొంగలు లేచింది నా కథకి కాదు, నీ దగ్గుకి. కథ సగంలో ఆగిపోయింది కూడా. డబ్బా మాట దాటేశావు కాబట్టి సున్నుండలు నీ పొట్టలోకి చేరాయని అర్థమైంది. డబ్బా స్వయంగా విప్పి చూడమని మీ పెద్దసారుకి ఫిర్యాదు రాసి పడేశాను.

ఇట్లు, ఊరుకోని
సుబ్బరత్నమ్మ

తా.క. అడవిని మాత్రం కొట్టనివ్వకు. పిల్లిని నేనింకా చూడలేదు.

*

మామ్మగారికి వేల నమస్కారాలు.

పడవెక్కగానే పెద్దసారు అడవిలో నిశ్శబ్దం ఎంత అవసరమో ఉపన్యాసం మొదలుపెట్టారండి. మధ్యలో మీ ఫిర్యాదు గుర్తొచ్చి, నేను వెంట తెచ్చిన డబ్బా విప్పించారు. సాక్ష్యం పరిశీలించాలంటూ ఒక సున్నుండ నోట్లో వేసుకున్నారు. అది అంగిట్లో అతుక్కుపోయింది. ఉపన్యాసం ఆగింది. అంతే, మడచెట్ల వేళ్ళ సందుల్లోంచి బావురుపిల్లి వచ్చింది, వెనకాలే పిల్లలు! మా కళ్ళముందే ఓ జెల్లచేపని పట్టుకుపోయింది. సారు "ఆహా" అనబోయి "మ్మ్" అన్నారు. కాంట్రాక్టు రద్దు. అడవి నిలిచిందండి!

ఆనందంతో,
బర్నబాస్

తా.క. సాక్ష్యమంతా సారే పరిశీలించేశారు. ఖాళీ డబ్బా పార్సిల్లో వస్తోంది.

*

చిరంజీవి బర్నబాస్‌ని దీవించి రాయునది.

పిల్లికి సున్నుండలు పెట్టడానికి నాకేమన్నా పిచ్చా? అవి నాకోసం తెచ్చుకున్నాను. నా నోటి సంగతి నాకు తెలీదా! పడవెక్కగానే ఒకటి వేసుకుని, పిల్లి వచ్చేదాకా నోరు మెదపకుండా కూర్చుందామనుకున్నాను. నువ్వు లాక్కున్నావు. ఆదివారం మళ్ళీ వస్తున్నాం. ఈసారి డబ్బా జోలికి రాకు.

నిండు డబ్బాతో,
సుబ్బరత్నమ్మ

తా.క. మావారు రెండు డబ్బాలు చెయ్యమంటున్నారు. రెండోది రైల్లోకట, అదీ నాకేనట.