తలుపు వెనుక శ్రోత

నిజామాబాదు,
జనవరి మొదటి వారం

ప్రియ సోదరి జ్యోతిరాణికి, అన్న దేవిదాసు ప్రభువునందు దీవించి వ్రాయునది.

నీవు ఫోను ఎత్తడం లేదు. ఎత్తినా, ఏడుస్తున్న మనిషికి ఫోనులో ధైర్యం చెప్పడం నాకు చేతకాదు. బాబు పోయాక జరిగిన ఆదరణ కూడికకు వచ్చి వెళ్లిన మరునాడే మోకాలికి ఆపరేషను అయింది. బస్సెక్కే స్థితిలో లేను. జీవితమంతా బడిలో తెలుగు చెప్పినవాడికి ఇక కలమే దిక్కు.

డ్రైవరు రాలేదని నీ భర్త వేణు వెళ్లమనగా నీ కొడుకు అఖిలేష్ ట్రాక్టరు ఎక్కాడు. చెరుకు ట్రాలీ కాలువ మలుపులో బోల్తా పడింది. ఆ సాయంకాలం ప్రభువు ఎక్కడున్నాడని నీవు అడగవచ్చు. అడుగు. అడగడం అవిశ్వాసం కాదు. ఆయన కూడా స్నేహితుని సమాధి దగ్గర కన్నీరు విడిచినవాడే. ఆ స్నేహితుణ్ణి తిరిగి బ్రతికించి లేపగలిగినవాడే ముందుగా ఏడ్చాడు. కనుక ఏడ్చే తల్లిని తొందరపెట్టే అధికారం మరెవరికీ లేదు.

పొద్దున లేచి ముఖం కడుక్కో. పొరుగింటి అంజవ్వ తెచ్చే జొన్నరొట్టెలో సగమైనా తిను. నేటికి అంతే చాలు.

నీ గత లేఖలో రెండు దోషాలున్నాయి. దిద్దలేదు. నీవు వ్రాయడమే నాకు పదివేలు.

నీ కన్నీటికి తోడుగా,
అన్న దేవిదాసు

*

ఎడపల్లి,
జనవరి చివర

ప్రియమైన అన్నకు, చెల్లె జ్యోతిరాణి వందనాలు.

మీ ఉత్తరాలను నేను గట్టిగా చదువుతున్నాను. అంజవ్వ వచ్చి కూర్చుంటుంది. "మీ అన్న తెలుగు నాకు సగం సమజ్ గాదు గని, ఇంటాంటే కడుపుల సల్లగైతది. గా రొట్టె ముచ్చట ఇంకోపారి సదువు బిడ్డా. నా రొట్టె నిజామాబాద్ దాక పోయింది సూడు!" అంటుంది.

కానీ నేను చదివేది ఆమె కోసం కాదు. తలుపు వెనుక నిలబడి మా ఆయన వింటారు.

బాబు పోయిన నాటి నుంచి ఆయనతో నేను మాట్లాడలేదు. పెళ్లయిన కొత్తలో ఏ పేరుతోనూ పిలవకుండా తప్పించుకు తిరిగాను. బాబు పుట్టాక, వాడి తండ్రిగా "అఖిలేష్ బాపూ" అని పిలిచాను. నాకు తెలిసిన పిలుపు అదొక్కటే. ఇప్పుడు ఆ పేరు గొంతు దాటదు. పిలవకుండా మాట ఎలా మొదలుపెట్టను?

ఆదరణ కూడికలో ఆడవాళ్లంతా నన్ను పట్టుకొని ఏడ్చారు. మగవాళ్లు టెంటు కింద చాయ్ తాగి వెళ్లిపోయారు. "ట్రాక్టరెక్కుమని ఆయనే అన్నడట" అన్న గుసగుస తప్ప ఆయన చెవిన ఏ మాటా పడలేదు. మీరు చక్కటి బైబిలు వాక్యం చెప్పారు. అదీ నన్ను చూసే చెప్పారు.

నిన్న అంజవ్వ మా కొట్టంలోని పురుగుల మందు డబ్బాను కొంగు చాటున తన ఇంటికి తీసుకుపోయింది. "ఆయన సూపు మంచిగ లేదు బిడ్డా" అంది.

అన్నా, బిడ్డ చావుకు ఆయన కారణం కాదని ఒక్క మాట రాయండి. నేను అనలేను. మీరు రాస్తే చదువుతాను. ఆయన వింటారు.

మీ చెల్లె,
జ్యోతి

*

నిజామాబాదు

ప్రియమైన చెల్లీ,

ఈ లేఖను పోస్టులో వేసి ఎదురుచూసే ధైర్యం లేదు. మీ ఊరికి వస్తున్న పాస్టరు గారి చేతికి ఇచ్చాను.

నీవు అడిగిన వాక్యం వ్రాశాను. కర్త, కర్మ, క్రియ అన్నీ కుదిరాయి. చదువుకొని చించివేశాను. అది నేరస్థుణ్ణి విడిచిపెట్టే న్యాయాధిపతి మాటలా ఉంది. వేణు ఎదురుచూస్తున్నది నా తీర్పు కోసం కాదు. ఓదార్పును ఒకరి చేత మరొకరికి పంపవచ్చు. క్షమను ఎవరికి వారే అందించాలి.

కింద కొంత చోటు విడిచాను. అక్కడికి వచ్చాక నా కాగితం మడిచి నీ మాట చెప్పు. వాక్యం తప్పుగా వచ్చినా ఫరవాలేదు. ఈ మాట నేను ఏ విద్యార్థితోనూ అనలేదు.

………………

మాటలు చాలని
నీ అన్న

*

ఎడపల్లి,
ఫిబ్రవరి

ప్రియమైన అన్నా,

ఖాళీ చోటి దాకా చదివాను. కాగితం మడిచి తలుపు తీశాను. ఆయన లేరు. చెప్పులూ లేవు.

చేనుకు పరుగెత్తాను. బాబు పోయాక కోయకుండా వదిలేసిన చెరుకు నా తలకంటే ఎత్తు పెరిగింది. లోపల మనిషి ఉన్నా కనబడడు. పిలవక తప్పలేదు.

"అఖిలేష్ బాపూ!"

చెరుకాకు గరగర తప్ప ఏమీ వినబడలేదు. మళ్లీ పిలిచాను. మళ్లీ. బాబునే పిలుస్తున్నట్లుంది, అన్నా.

"ఆఁ... ఈడనే ఉన్న."

గట్టు మీద కూర్చుని ఉన్నారు. ఒళ్లో బాబు తువ్వాల. చేతులు చూశాను, ఇంకేమీ లేదు.

"బిడ్డను నువ్వు సంపలే. గది నీ తప్పు గాదు" అన్నాను.

తలెత్తలేదు. "బావ రాసిండా?"

"బావ రాయలే. నేనే అంటున్న."

అప్పుడు ఏడ్చారు. బాబును మట్టి చేసిన రోజు కూడా ఏడవని మనిషి.

నా కోపమంతా పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. అన్నం పెట్టాను, తిన్నారు. పొద్దున మళ్లీ అదే పిలుపు పిలిచాను. పలికారు. రోజూ అంత కష్టమూ పడాలి కాబోలు.

కోత పండుగకు చెరుకు కట్టను ఏటా బాబే భుజాన వేసుకొని ప్రార్థన గుడికి తెచ్చేవాడు. ఈ ఆదివారం మేమిద్దరం చెరో కొస పట్టుకొని తెస్తాం. మోకాలు సహకరిస్తే రండి. వాక్యం చెప్పవద్దు. ఆయన పక్కన కూర్చొని ఒక చాయ్ తాగండి.

మీ చెల్లె,
అఖిలేష్ అమ్మ