ఎర్ర ముడి కింద ఆరు వరసలు

అక్కా,

తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ నేనూ నీ మరదలూ మా పిల్లా కులాసా. అక్కడ నువ్వూ బావగారూ, నీ కడుపులో ఉండి అందర్నీ ఆడిస్తున్న ఆ పెద్దమనిషీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. పంపు మోటార్లు వరసపెట్టి కాలిపోతున్నాయి, కాబట్టి నా వైండింగ్ షాపుకి ఢోకా లేదు. నీ మరదలి మోకాలినొప్పి తగ్గింది, నామీద కోపం మాత్రం తగ్గలేదు. ఎందుకో చెబితే నవ్వుతావు. నేను క్రోషా అల్లుతున్నాను, ఇల్లంతా ఊలు. మొదట ఉల్లిపాయలకో సంచీ అల్లితే, కన్నాలు పెద్దవై ఉల్లిపాయలన్నీ వంటింటి నిండా దొర్లాయి. తర్వాత ఏనుగుబొమ్మ. ఒక చెవి చేటంత, ఇంకొకటి చింతాకంత. పిల్ల జడుసుకుంటుందని నీ మరదలు దాన్ని బీరువా మీదికి ఎక్కించింది.

నేర్పుతున్నది పై వాటాలో ఉండే దర్జీ అమ్మగారు. ఆవిడ కుడిచేత్తో చూపిస్తే నేను ఎడమచేత్తో తిప్పి పట్టుకునేవాణ్ణి. వారంపాటు తల పట్టుకుని, చివరికి నన్ను ఎదురుగా కూర్చోబెట్టి అద్దంలో చూసినట్టు చెయ్యమన్నారు. అప్పుడు దారికొచ్చింది. అమ్మ నీకు నేర్పబోయినప్పుడూ ఇదే గొడవ కదా. ఆవిడది ఎడమచెయ్యి, నీది కుడి. మీ పోట్లాట వింటూ నేను మూల కూర్చుని నవ్వేవాణ్ణి.

ఇక నువ్వు మూడు ఉత్తరాల్లోనూ అడిగిన మాట. అమ్మ నీ బిడ్డకోసం మొదలుపెట్టిన దుప్పటి సగంగానే పంపించు, ఆవిడ చెయ్యి తగిలింది చాలు అన్నావు. డాక్టరు ప్రయాణం వద్దనడంతో అమ్మ చివరిచూపుకి కూడా రాలేకపోయిన నీకు మిగిలింది అదొక్కటే. నేనేమో ఉతికి పంపుతానని ఒకసారి, సరైన అట్టపెట్టె దొరకలేదని ఇంకోసారి రాశాను. రెండూ అబద్ధాలే.

అక్కా, ఆ దుప్పటి నేను విప్పేశాను. కావాలని కాదు. నీకు పంపుదామని తీస్తే చివర దారం వేలాడుతోంది. ఫోనులో ఎవరితోనో మోటారు సంగతి మాట్లాడుతూ దాన్ని లాగాను. అది వస్తూనే ఉంది, కాలిన తీగ లాగినట్టు నేను చేతికి చుట్టుకుంటూనే ఉన్నాను. ఒక దారం లాగితే మొత్తం ఊడివస్తుందని నాకేం తెలుసు? ఫోను పెట్టేసి చూసేసరికి ఇరవై వరసల్లో ఆరు మిగిలాయి. అమ్మ పోయినరోజు కూడా అంత ఏడవలేదు.

అందుకే నేర్చుకున్నాను. అదే ఊలుతో, అమ్మ ఆపిన చోటిదాకా మళ్లీ అల్లాను. వరసకి తొంభై ఆరు కుట్లు, మోటారు చుట్లు లెక్కపెట్టినట్టే లెక్కపెట్టాను. నిన్న దర్జీ అమ్మగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మీ అమ్మగారిది ఎక్కడిదాకా, మీదెక్కణ్ణుంచి? ఇద్దరిదీ ఎడమచేతివాటం. నాకేం తేడా తెలియడం లేదు" అన్నారు.

చాలా సంతోషమేసింది. వెంటనే భయమూ వేసింది, నిన్ను మోసం చెయ్యడం ఎంత తేలికో అర్థమై. అందుకే ఆరో వరస చివర గుర్తుకి ఎర్ర ఊలుముక్కతో ముడి వేశాను. దాని కిందిది అమ్మది, పైది నాది. ఈ ఉత్తరంతోపాటే దుప్పటి పంపుతున్నాను. తిట్టాలనుంటే కడుపునిండా తిట్టు. క్షమించాలనిపించిన రోజున ఆ ఎర్ర ముడి విప్పెయ్యి. ఆ తర్వాత ఎక్కడిదాకా అమ్మదో చూసి నేను కూడా చెప్పలేను.

ఇట్లు,
వేలాడే దారాల జోలికి ఇక పోని
నీ తమ్ముడు