జుమ్మా రాత్రి అంటే ఏ రాత్రి

1959 జూన్ 9, మంగళవారం

మళ్ళీ అదే గోల. పొలం గట్టు తగాదా కేసు. సాక్షి శింగనమల వైపు ముసలి రైతు. మేజిస్ట్రేటు గారు ఇంగ్లీషులో అడుగుతారు, నేను తెలుగులో అడగాలి. వాళ్ళు చెప్పింది ఇంగ్లీషు చేసి ఆయన కలం ముందు పెట్టాలి. కోర్టు ట్రాన్స్‌లేటరు అంటే ఇంతే.

కొట్లాట ఏ తేదీన జరిగింది?

"వాన పడిన మర్నాడు సామీ."

ఏ వాన?

"ఈ ఏడు పడింది ఒకటే కదప్పా."

కోర్టంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ వానకు ఇంగ్లీషు తేదీ వెతికి ఇవ్వాల్సింది నేను.

జూన్ 10, బుధవారం

మా పెద్ద గుమాస్తా శిరస్తాదారు గారి కొత్త హుకుం — ఇకమీదట ప్రతి కాగితం మీద ఢిల్లీ వారి కొత్త శక పంచాంగం తేదీ కూడా వేయాలట. మనుషుల జ్యేష్ఠం మొన్ననే మొదలైంది. సర్కారు జ్యేష్ఠం అప్పుడే సగం దాటిపోయింది. ఒకే పేరు, రెండు నెలలు. "ఏది నిజం సార్?" అంటే "ఏది వేయమంటే అది వెయ్యప్పా" అన్నాడు.

జూన్ 12, శుక్రవారం

ఎండ. కోర్టు బావిలో బొక్కెన నేలను తాకుతున్న చప్పుడు.

మస్తాన్ కేసు పిలిచారు. తాడిపత్రి బండల గనిలో రాళ్ళు కొట్టే కుర్రాడు. పెళ్ళి కాలేదు. శెట్టి గిడ్డంగిలో విత్తనం శనక్కాయల మూటలు పోయాయి. ఒక మూట గని కూలీల గుడిసె వెనక దొరికింది. ఆ గుడిసెలో చాలామంది పడుకుంటారు. కానీ అంతకుముందు అంగట్లో బియ్యం తూకం దగ్గర శెట్టితో మాటామాటా అనుకున్నది మస్తాన్. అంతే, పట్టుకొచ్చారు.

శెట్టి సాక్ష్యం శుభ్రంగా ఉంది. గురువారం సాయంత్రం తాళం వేశాడు, శుక్రవారం పొద్దున పగిలి ఉంది. తేదీతో సహా చెప్పాడు. అబద్ధం చెప్తున్నాడని నాకు అనిపించలేదు. మూటలు పోయిన మాట నిజమే. ఈ కరువులో విత్తనం పోవడమంటే మాటలు కాదు.

మస్తాన్ మాత్రం ఒకటే మాట — "నేను ఆ పొద్దు గనిలో ల్యా సార్. మా ఊర్లో ఉండా."

జూన్ 15, సోమవారం

మరిచేలోగా రాసేయాలి.

మస్తాన్ తల్లి ఖాజాబీ బోనెక్కింది. సన్నటి మనిషి, గొంతు మాత్రం గట్టిది. తెలుగే మాట్లాడుతుంది. కొడుకు ఆ వారం ఇంటికి వచ్చాడా అని అడిగారు.

"వచ్చినాడు సామీ. జుమ్మా రాత్రి ఇంట్లోనే పండుకున్యాడు."

నేను ఆగాను. మేజిస్ట్రేటు గారు కలం ఎత్తి చూస్తున్నారు.

"ఏమిటి ఆలస్యం?"

"సార్, ఆ మాటకు రెండు..."

"ఒక మాటకు ఒక మాట చెప్పండి. వ్యాఖ్యానం అక్కర్లేదు."

చెప్పాను. ఫ్రైడే నైట్. కలం కదిలింది. పోలీసుల తరఫు ప్రాసిక్యూటరు లేచి నిలబడ్డాడు — శుక్రవారం రాత్రి ఇంట్లో ఉంటే మాకేం అభ్యంతరం? దొంగతనం జరిగింది గురువారం రాత్రి. వెనక ఎవరో నవ్వారు. మస్తాన్ తరఫు వకీలు నరసింహులు కాగితాల్లోంచి తల ఎత్తలేదు.

ఖాజాబీకి ఏం జరిగిందో అర్థం కాలేదు. కొడుకును కాపాడాననుకుని దిగిపోయింది.

జూన్ 16, మంగళవారం

నిద్ర లేదు. మనకు పొద్దు పొడిస్తే రోజు మొదలు. ఇంగ్లీషు వాళ్ళకు అర్ధరాత్రి. ముసల్మానులకు పొద్దు గూకితే మొదలు — రాత్రి ముందు, పగలు తర్వాత. ఆ లెక్కన జుమ్మా రాత్రి అంటే శుక్రవారానికి ముందటి రాత్రి. అంటే గురువారం రాత్రి. అంటే దొంగతనం జరిగిన రాత్రి మస్తాన్ తల్లి దగ్గర పడుకుని ఉన్నాడు.

కానీ అందరూ అట్లా అనరు. సైకిలు షాపు రసూల్‌ను ఊరికే మాటల్లో అడిగాను. "జుమ్మా రాత్రి అంటే శుక్రవారం రాత్రే కదన్నా" అన్నాడు. వాడూ ముసల్మానే. మరి ఆమె ఏ లెక్కలో చెప్పింది? నాకు తెలియదు. తెలియకుండానే చెప్పేశాను. ఒక్క నిమిషం ఇచ్చి ఉంటే...

జూన్ 17, బుధవారం

మసీదు వీధి మౌల్వీ సాహెబు దగ్గరికి పోయాను. పెద్దమనిషి. కూర్చోబెట్టి టీ ఇప్పించాడు.

"సరైన లెక్కలో గురువారం రాత్రే అయ్యా. గురువారానికి మా జుమేరాత్ అన్న పేరే అట్ల పుట్టింది."

ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే —

"కానీ ఆ పల్లెలో వాళ్ళు ఎట్ల అంటారో నేనెట్ల చెప్పేది? నన్ను మాత్రం సాక్షానికి పిలవద్దు."

టీ చల్లారిపోయింది.

జూన్ 18, గురువారం

నరసింహులు వకీలును వరండాలో ఆపాను. చెప్పిందంతా విన్నాడు. గడియారం చూసుకున్నాడు.

"ఇంత చిన్న మాటకు కేసు తిరగబడుతుందా?"

"ఆ మాట మీదే నిలబడి ఉంది సార్."

"రికార్డులో ఫ్రైడే అని ఉంది. చెప్పింది నువ్వు. నువ్వే తప్పంటే నీ ఉద్యోగం ఏమవుతుందో ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను. కోపం ఆయన మీద కాదు. కాదు, ఆయన మీద కూడా.

జూన్ 19, శుక్రవారం

చేయకూడని పని చేశాను.

సాయంత్రం బస్టాండులో ఖాజాబీ. కొడుకును సబ్‌జైల్లో చూసి వస్తోంది. నన్ను గుర్తుపట్టి ఎదురొచ్చింది.

"నువ్వే కదప్పా నా మాట ఇంగ్లీషులో చెప్పినోడివి? నా బిడ్డ ఇంట్లో ఉండాడని చెప్తే ఆళ్ళు ఎందుకు నవ్వినారు?"

కోర్టు ఉద్యోగి సాక్షితో మాట్లాడకూడదు. తల వంచుకుని పోయి ఉంటే సరిపోయేది. ఆగిపోయాను.

"జుమ్మా రాత్రి అన్నావు కదమ్మా. ఏ రాత్రి అది?"

"జుమ్మా రాత్రి అంటే జుమ్మా రాత్రే. ఇదేం మాటప్పా?"

"నమాజుకు ముందా, ఎనకా?"

నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "ముందే కదా. పొద్దుగూకినాక వచ్చినాడు. నీళ్ళు పోసుకున్యాడు. ఉతికిన గుడ్డలు తీసి పెట్టుకున్యాడు. తెల్లారినాక జుమ్మా నమాజుకు పోయి, అట్లనే బస్సెక్కినాడు గనికి. వాడు వచ్చేదే నమాజుకు."

గురువారం రాత్రి. సందేహం లేదు. జుమ్మా నమాజు వారానికి ఒక్కసారే, శుక్రవారం మధ్యాహ్నం.

ఆమెకు ఏమీ చెప్పలేదు. చెప్తే నేర్పించినట్టే. బస్సు వచ్చింది, ఎక్కి పోయింది. ఎదురు అంగట్లోంచి శెట్టి గుమాస్తా నన్నే చూస్తున్నాడు.

జూన్ 20

నా భార్య సుభద్రకు చెప్పాను. చాటలో బియ్యం ఏరుతోంది. ఏరుతూనే అంది — "నీకెందుకు ఇదంతా? నీకు పిల్లలు ల్యారా?" కాసేపటికి మళ్ళీ తనే — "ఆ పిల్లోడు నిజంగా ఇంట్లోనే ఉన్యాడా?" ఉన్నాడన్నాను. మళ్ళీ చాట మీదికి వంగింది.

జూన్ 22, సోమవారం

నరసింహులు ఇంటికే పోయి కూర్చున్నాను. బస్టాండులో ఖాజాబీ చెప్పింది చెప్పి, ఆమెను మళ్ళీ పిలిపించమని అర్జీ వేయండి, నన్నేమైనా కానీయండి అన్నాను. కేసు కట్ట విప్పి ఆమె సాక్ష్యం ఉన్న కాగితం తీశాడు.

"ఆ పొద్దే నేను అడిగి ఉండాల్సింది" అన్నాడు చివరికి. నెమ్మదిగా అన్నాడు. అర్జీ వేస్తానన్నాడు.

జూన్ 23, మంగళవారం

ప్రాసిక్యూటరు గట్టిగా అడ్డం తిరిగాడు. కోర్టు ఉద్యోగే బస్టాండులో సాక్షికి పాఠం చెప్పాడని. శెట్టి గుమాస్తా చూశాడని. మేజిస్ట్రేటు గారు నా వైపు చూడలేదు. అర్జీ మంజూరు. సాక్షి మళ్ళీ రావాలి. నాకు సంజాయిషీ నోటీసు. ఆ రోజు నేను అనువాదం చేయకూడదు.

శిరస్తాదారు నోటీసు చేతికిస్తూ — "ఏమప్పా, బుద్ధి ల్యాదా నీకు? ఇంగ్లీషు చెప్పి జీతం తీసుకునేదానికి ఇంత యవ్వారమా?"

జూన్ 25, గురువారం

సంజాయిషీ రాయడానికి కూర్చున్నాను. "సాక్షిని ఒక ప్రశ్న అడిగిన మాట వాస్తవం" అని రాశాను. కొట్టేశాను. మళ్ళీ అదే రాశాను. నిజం అదే. అడగకపోతే తెలిసేది కాదు. అడిగినందుకు తెలిసింది పనికిరాకుండా పోయేట్టుంది.

పొద్దున నుంచి మబ్బు పట్టి మధ్యాహ్నానికి విడిపోయింది.

జూన్ 29, సోమవారం

ఖాజాబీ మళ్ళీ బోనులో. నేను వెనక బల్ల మీద. నా స్థానంలో పక్క సెక్షను గుమాస్తా రామయ్య.

ప్రాసిక్యూటరు మొదలుపెట్టగానే బెదరగొట్టాడు. ఈ మనిషి నీకు బస్టాండులో ఏం నేర్పినాడు? ఎవరు పంపినారు? అబద్ధమాడితే నీకు కూడా జైలే, తెలుసా? రామయ్య ఆ ఇంగ్లీషును కాస్త ఎక్కువ గట్టిగానే తెలుగు చేశాడు. ఆమె గొంతు లోపలికి పోయింది. ఆ రోజు అంత గట్టిగా పలికిన గొంతు.

అప్పుడు అడిగారు — జుమ్మా రాత్రి అంటే గురువారం రాత్రా, శుక్రవారం రాత్రా?

ఆమె నా వైపు చూసింది. కోర్టంతా ఆమె చూపు వెంబడి నా వైపు తిరిగింది. తల ఊపితే నేర్పించినట్టే, ఆమె కొడుకు కేసు అక్కడితో సరి. నేల చూశాను. నా చెప్పుల మీద దుమ్ము చూశాను.

"మీరు ఏది రాసుకుంటే అదే సామీ. నా బిడ్డను ఇడిసిపెట్టండి, చాలు."

నరసింహులు కళ్ళు మూసుకున్నాడు.

కలం వెంటనే కదల్లేదు. మేజిస్ట్రేటు గారు రామయ్యను చేత్తో ఆపి, తానే తెలుగులో అడిగారు. ఆయన నోట కోర్టులో తెలుగు వినడం నాకు ఇదే మొదలు. కోస్తా తెలుగు, మెత్తగా.

"భయపడకమ్మా. ఆ రాత్రి తెల్లవారాక మీ అబ్బాయి ఏం చేశాడు?"

"నమాజుకు పోయినాడు సామీ."

ఒక్క మాట ఎక్కువ చెప్పు తల్లీ. ఒక్క మాట. జుమ్మా నమాజు అను.

ప్రాసిక్యూటరు లేచాడు — నమాజు ప్రతి రోజూ ఉంటుంది సార్, ప్రతి పొద్దూ ఉంటుంది.

"ఏ నమాజమ్మా?" అని అడిగారాయన.

"నమాజే సామీ..." అంది. అంతే. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇక ఏమీ రాబట్టలేకపోయారు.

నాకు తెలుసు. ఈ కోర్టులో ఆ మాట ఆమె నోట విన్నది నేనొక్కణ్ణే. నోరు తెరిచే హక్కు లేనిది కూడా నాకొక్కడికే.

జూన్ 30

ఆమె ఊరి మసీదు పెద్దను పిలిపిద్దామని నరసింహులు మనిషిని పంపాడు. ఆయన జవాబు — "వారం వారం వచ్చే పిల్లోడే. ఆ వారం వచ్చినాడో లేదో నాకు గ్యాపకం ల్యా." అబద్ధం కాకపోవచ్చు. వారం వారం కనిపించే మనిషి ఒక వారం కనిపించాడని ఎవరు గుర్తు పెట్టుకుంటారు?

జూలై 1, బుధవారం

వాదనలు అయ్యాయి. నరసింహులు బాగా మాట్లాడాడు, నేను ఊహించనంత బాగా. మౌల్వీ చెప్పిన లెక్క, పొద్దుగూకడంతో మొదలయ్యే రోజు, అన్నీ చెప్పాడు. మేజిస్ట్రేటు గారు రాసుకున్నారు. ఏం రాసుకున్నారో కనబడలేదు. ఎన్నడూ లేనిది కాగితాన్ని చేత్తో కప్పుకుని రాశారు.

తీర్పు శుక్రవారానికి.

నా సంజాయిషీ మీద ఇంకా ఉత్తర్వు రాలేదు. రానీ.

జూలై 3, శుక్రవారం

తీర్పు లేదు. మేజిస్ట్రేటు గారికి జ్వరమట, సెలవు పెట్టారు. మళ్ళీ ఎప్పుడో శిరస్తాదారుకే తెలియదు.

వరండాలో ఖాజాబీ. పొద్దున మొదటి బస్సుకే వచ్చేసింది. ఒళ్ళో మడత పెట్టిన తెల్లటి అంగీ. ఉతికి, గంజి పెట్టింది. కొడుకు ఈ రోజు బయటికి వస్తాడని, జైల్లో మాసిన గుడ్డలతో ఊర్లోకి రాకూడదని తెచ్చింది.

ఈ రోజు లేదమ్మా అన్నాను. వాయిదా అన్నాను.

"ఎప్పటికప్పా?"

శిరస్తాదారుకే తెలియదన్నాను. ఆమె నా మీద కోపపడలేదు. కోపపడి ఉంటే తేలిగ్గా ఉండేది. అంగీ చేతికిచ్చింది.

"ఇది వానికి ఇస్తావా? నన్ను ఈ పొద్దు లోపలికి ఇడిసేదిల్యా అన్యారు."

తీసుకోకూడదు. నోటీసు జేబులోనే ఉంది. తీసుకున్నాను. పట్టపగలు, బజారంతా చూస్తుండగా ఆ అంగీ చేతిలో పట్టుకుని సబ్‌జైలు దాకా నడిచాను. శెట్టి అంగడి ముందు నుంచే పోయాను.

గేటు దగ్గర జవాను అంగీ తిప్పి తిప్పి చూశాడు. కాలరు మడత విప్పి చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"కోర్టాయన కదా నువ్వు. మస్తాన్‌గానికి ఏమవుతావప్పా?"

వాడు అడిగింది మామూలు ప్రశ్నే. లోపలికి ఏది పోవాలన్నా అడుగుతారు. అంగీ ఇంకా వాడి చేతిలోనే ఉంది, జవాబు కోసం నిలబడి ఉన్నాడు. నేనూ నిలబడే ఉన్నాను, వాడి ఒక్క మాటకు ఒక్క మాట వెతుక్కుంటూ.