నెమ్మది చుక్క

విజయవాడ, వన్ టౌన్.

అమ్మకి,

మణికుమార్ దండాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, నాన్నా, చెల్లీ, మన పడవా అక్కడ క్షేమమని తలుస్తాను. చెల్లెమ్మా నాగమల్లేశ్వరీ, నాన్న వలలు బాగుచేసుకోడానికి ఒడ్డుకెళ్ళినప్పుడే ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించు. ఫోనులో చెబుదామంటే అమ్మ స్పీకరు పెడుతుంది, పక్కనే నాన్న ఉంటాడు. అందుకే రాస్తున్నాను.

దగ్గు తగ్గిందా అని అడిగించావు. గది కింద మిరపకాయల గోడౌన్ ఉన్నన్నాళ్ళూ తగ్గదులే. నువ్వు పంపిన ఎండురొయ్యలు గదిలోవాళ్ళు ఒక్కపూటలో అవగొట్టారు.

ఈ అమావాస్య వెళ్ళాక నాన్న పడవ కోసం ఆగేది లేదని కుర్రాళ్ళు తేల్చేశారని రాయించావు. "నీ ముసలి ఇంజను వచ్చేదాకా కూచుంటే పక్కూరోళ్ళు చేపలు పట్టుకుపోతన్నారు మావయ్యా, మాకు మిగిలేది నురగే" అని రాంబాబు బావ మొహం మీదే అన్నాడంటగా. ఏరు సముద్రంలో కలిసే మొగని చివరి పడవ దాటిందాకా ఎవరూ వల వెయ్యకపోవడం మన తాతలనాటి కట్టుబాటు. అది పోతే నాన్న ఒంటరిగా ఆ అలల్లో దాటాలి. "నీ కంప్యూటరు లెక్క వాళ్ళకి చెప్పరా, చదువుకున్నోడి మాటింటారు" అన్నావు.

ఆ లెక్కేమిటో విను. మా క్లాసులో కంప్యూటరు తెర మీద చుక్కలుంటాయి. ఒక్కో చుక్కా ఒక పడవనుకో. ఎలా కదలాలో నేర్పి వదిలేస్తే, ఆ తర్వాత అవే గుంపులుగా తిరుగుతాయి, చేపల కోసం పోటీ పడతాయి. ఎర్ర జట్టుకి ఎవరికి దొరికింది వాళ్ళు పట్టుకోమని నేర్పాను. నీలం జట్టుకి మన కట్టుబాటు నేర్పి, అందులో ఒక చుక్కని నెమ్మదిగా నడిచేలా చేశాను. అదెవరో నీకు చెప్పక్కర్లేదు.

నీలం జట్టే గెలుస్తుందని క్లాసులో సవాలు చేశానమ్మా. నేను చదివిన విద్యార్థి సంఘం కరపత్రాలన్నీ కలిసి నడిచేవాళ్ళదే లోకమన్నాయి. గెలవలేదు. చేపలున్న చోట్లు మార్చి మార్చి చూశాను. ప్రతిసారీ నీలం పడవలు మొగ దగ్గర ఆగి ఎదురుచూస్తుండగానే ఎర్రవి ఊడ్చుకుపోయాయి.

"గాలివాన కూడా పెట్టండి సర్. ఒంటరిగా వెళ్ళి బోల్తాపడిన పడవనీ లెక్కెయ్యండి" అని అరిచాను.

"మనం కొలిచేది ఎవరికెన్ని చేపలనేగా మణీ. ఆ నెమ్మది చుక్కని తీసెయ్యవయ్యా, గొడవొదిలిపోద్ది" అన్నారు మా సర్.

"అట్టా కొలిచే చదువెందుకండీ" అని కుర్చీ తన్ని బయటికొచ్చేశాను.

ఉత్తరం ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ మర్నాడు మళ్ళీ వెళ్ళానమ్మా. తీసేశాను. నీలం జట్టు గెలిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. మిగతా చుక్కలు మొగ దగ్గర ఒక్క క్షణమైనా ఆగుతాయేమోనని చూస్తూ కూర్చున్నాను. ఆగలేదు. వెనక ఎవరూ లేరుగా మరి.

ఆ చుక్కని తిరిగి పెట్టేశాను. పరీక్షకి ఓడిపోయే జట్టునే చూపిస్తాను. మార్కులు పోతే పోనీ.

బావకి అబద్ధం చెప్పలేను. ఆగితే చేపలు తగ్గుతాయి, నిజమే. ఆ నిజం చేతిలో పెట్టుకుని నాన్న తరఫున ఎలా మాట్లాడాలో ఏ కరపత్రంలోనూ లేదు. తగ్గినా సరే ఆగమని నా మాటగా బతిమాలు. ఒప్పుకోకపోతే నేనొచ్చేదాకా నాన్నని మొగ దాటనివ్వకు. ఆదివారానికి వస్తాను. నేనెక్కితే ఆ పడవ వేగం పెరగదు. ఆయన ఒంటరిగా మాత్రం ఉండడు.

నేను గెలిచానని నాన్నకి చెప్పొద్దు.

ఇట్లు,
నీ కొడుకు
మణికుమార్