కడిగిన నీళ్ళతోనే కడిగినవాడి విన్నపం

శ్రీయుత డైరెక్టరు గారికి,
పినాకిని జీవపదార్థ పరిశోధన కేంద్రం, కడప.
తేది: మే 13

అయ్యా,

విషయం: నా నివేదిక తప్పని నేనే ఒప్పుకొనుట గురించి, మరియు రేపు ఇంక్యుబేటర్ తీసుకుపోకుండా ఐదు రోజులు ఆపించుట గురించి.

తమ కేంద్రంలో ఐదో ఏడు పరిశోధక విద్యార్థిగా కాలక్షేపం చేయుచున్న వీరభద్ర అను నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. నా పని, కరెంటును పోనిచ్చే ఒక రకం ప్లాస్టిక్కు పొరను తయారుచేసి, దాని మీద జీవకణాలు బతుకుతాయా చస్తాయా చూచుట. బతికితే, ముందుముందు నరం తెగినచోట దాన్ని వంతెనగా పెట్టవచ్చునని పెద్దల ఆశ.

2. ఫిబ్రవరిలో నేను సమర్పించిన నివేదికలో, ఈ పొర మీద కణాలు రెండు రోజుల్లో చచ్చుచున్నవి కావున ఇది మనిషి ఒంటికి పనికిరాదని నలభై పేజీలలో, రంగు పటాలతో నిరూపించితిని. తమరు నమ్మిరి. నమ్మి, రేపు ఉదయం, కణాలను ఒంటి వెచ్చదనంలో ఉంచి పెంచే ఇంక్యుబేటర్ పెట్టెను పై అంతస్తు వారికి అప్పగించమని ఉత్తర్వు ఇచ్చిరి. తమ తప్పేమీ లేదు. నేను అంత బాగా రాసితిని.

3. దోషం ప్లాస్టిక్కుది కాదు, నాది. తయారీలో వాడిన ఆమ్లము, రసాయనాలు పొరలో మిగిలితే కణాలను చంపును, కావున అవి పోయేదాకా ప్రతిసారీ కొత్త స్వేదనజలంతో కడగవలెనని పుస్తకంలో ఉన్నది. చదివితిని కూడా. కానీ మాది కోయిలకుంట్ల పక్క పల్లె. మా అమ్మ సోమక్క బియ్యం కడిగిన నీళ్ళు బర్రెకు పోసేది, గిన్నెలు కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోసేది. నీళ్ళు పారబోయాలంటే చెయ్యి రాదు మాకు. అందువలన మొదటి పొర కడిగిన నీళ్ళతో రెండో పొర, అవే నీళ్ళతో మూడో పొర కడిగితిని. ఆ సీసా మీద "నీటి పొదుపు" అని చీటీ అంటించితిని. అంటించిన రోజు నా మీద నాకే గౌరవం కలిగినది.

4. దీనిని కనిపెట్టినది నేను కాదు, మా గైడు గారూ కాదు. ల్యాబు ఊడ్చే గంగక్క. ఏప్రిల్ చివర ఒకనాడు చీపురు పట్టుకుని నిలబడి,

"ఏమప్పా, కడిగిన నీళ్ళతోనే మళ్ళా కడుగుతాండావే?" అన్నది.

"నీళ్ళు ఆదా, గంగక్కా," అన్నాను గొప్పగా.

"ఇంట్లో నేనూ అట్లే చేస్తా. కానీ పసిబిడ్డ పాలగ్లాసును అట్ల కడుగుతారా యాడన్నా?"

ఆ పూటే సీసా మీది చీటీ పీకేసితిని.

5. పిమ్మట రెండు క్యాన్ల స్వేదనజలం తెచ్చి, ఇరవైసార్లు నీళ్ళు మార్చి, కళ్ళు మూసుకుని పారబోసి, మే 4న కొత్త పొరల మీద కణాలు వేసితిని. నేటికి తొమ్మిది రోజులు. బతికే ఉన్నవి, పైగా పెరుగుచున్నవి. పద్నాలుగో రోజున లెక్కించి చూపితే తప్ప ఎవరూ నమ్మరు, ఆ నలభై పేజీల తర్వాత నన్ను అసలే నమ్మరు. ప్లగ్గు పీకితే ఒక్క పూటలో చల్లబడి చచ్చిపోవును.

6. ఇది అర్జీలో రాయదగినది కాదు, అయినా రాస్తున్నాను. పదకొండేళ్ళ కిందట సజ్జ కోస్తుండగా కొడవలి మణికట్టుకు తగిలి గంగక్క నరం తెగింది. చిటికెన వేలికీ దాని పక్క వేలికీ స్పర్శ లేదు. "నీ ప్లాస్టిక్కు నా వేళ్ళకు పనికొస్తాదా అప్పా?" అని రోజూ అడిగేది. నివేదిక పంపిన రోజున రాదని చెప్పాను. నా మురికినీళ్ళను నమ్మి చెప్పాను అయ్యా. అంత పాత గాయానికి ఇది పనిచేస్తుందని ఇప్పుడూ అనలేను, మనుషుల దాకా రావడానికే ఏళ్ళు పడుతుంది. కానీ రాదని చెప్పే హక్కు నాకు లేకపోయింది. అది తలుచుకుంటే బాధగా ఉంది.

కావున పై సంగతులన్నీ చిత్తగించి, నన్ను ఎంత తిట్టినా సరే, మే 18 దాకా ఆ ప్లగ్గు మాత్రం పీకించవద్దని ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు, ఇకమీదట నీళ్ళు పారబోయువాడు,
వీరభద్ర

తా.క.: నేను ఇది రాస్తుండగానే గంగక్క స్టూలు తెచ్చి ప్లగ్గుకు అడ్డంగా వేసుకుని కూర్చుంది. రేపు మనుషులు వచ్చినా లేవదట. ఆమెను ఏమీ అనకండి, అనేదేదో నన్ను అనండి. ఇందాక ఇంక్యుబేటర్ బయటి తలుపు తీసి, లోపలి అద్దం తలుపుకు చిటికెన వేలు ఆనించి, "వెచ్చగానే ఉండాదా అప్పా? ఈ వేలికి తెలీదు, నువ్వు చూసి చెప్పు," అంది.

చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగానే ఉంది అయ్యా.