పొగమంచులో హారన్

మెసైమీర్ (దోహా), బుధవారం

ప్రియమైన అతీఖ్ అబ్బాకు,

బిల్కిస్ సలాములు. ఆ ఎడారి చివర మీ ఫోన్‌కు సిగ్నల్ అందదు కాబట్టి, నీళ్ళ ట్యాంకర్ నడిపే రసూల్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఉర్దూ మనకు నోటికే గానీ, చేతికి వచ్చింది జగిత్యాల బడిలో నేర్చిన తెలుగే. నా అక్షరాలు చూసి నవ్వకండి.

ఇక్కడ చలి ముదిరింది. పొద్దున మసీదు మినార్ కనిపించనంత పొగమంచు పడుతోంది. మీరు కాపలా ఉన్న టూరిస్టుల గుడారాలు నీళ్ళ ఒడ్డునే కదా, అక్కడ ఇంకెంత చలో. శుక్రవారం మన అబ్బాయి అతీఖ్‌కు సెలవు. మీ ఉన్ని కోటు, మోకాళ్ళ నూనె, ఖీమా వాడి చేత పంపుతున్నాను. దారి జాగ్రత్త అంటే వాడేమన్నాడో తెలుసా? "దినాం దోహా అంతా బండి తోల్తున్న గదమ్మీ, ఇసుకల ఏం భయం? నువ్వు ఖీమాల ఉప్పు చూసి ఎయ్. అబ్బా తిట్టేది నన్నే."

మీ కోసం ప్రతి నమాజులో దువా చేస్తున్నాను.

మీ బిల్కిస్

*

క్యాంపు, ఖోర్ అల్ అదైద్
గురువారం

ప్రియమైన బిల్కిస్‌కు,

నీ ఉత్తరం అందింది. రసూల్ తిరిగి బయలుదేరేలోపు ఇది రాస్తున్నాను. అతీఖ్‌కు తప్పకుండా చదివి వినిపించు.

ఇక్కడి నీళ్ళు పేరుకు సముద్రమే గానీ మన ఊరి చెరువులా అలలు లేకుండా పడుకుని ఉంటాయి. మనిషి మోసపోయేది అక్కడే. పోటు వచ్చేటప్పుడు చప్పుడు ఉండదు. ఒడ్డు పక్కన సబ్ఖా నేల. పైన ఉప్పు పొర గట్టిగా కనిపిస్తుంది, కింద అంతా బురదే. దాని మీద చక్రాల జాడలు ఉంటే వాటిని నమ్మవద్దను. నీళ్ళు తీసినప్పుడు ఎవరో పోయినవి అవి. చుట్టూ తిరిగినా సరే, ఒడ్డు వెంటే రావాలి. ఇసుక మొదలయ్యే చోట టైర్లలో గాలి తగ్గించుకోవాలి. తోడు ఇంకో బండి ఉండాలి. పొగమంచు ఉంటే గట్టి నేల మీదే ఆగి, ఎండ వచ్చేదాకా బండి దిగకూడదు.

ఇంత భయపెట్టి మళ్ళీ అంటున్నాను, వాణ్ణి చూడాలని నాకూ ఉంది. చాలా రోజులైంది.

నీ జహాంగీర్

*

మెసైమీర్

ప్రియమైన అతీఖ్ అబ్బాకు,

ఈ పిలుపు రాయబోతే చేయి ఆగిపోతోంది. పెళ్ళయిన కొత్తలో తప్ప మిమ్మల్ని ఇంకోలా పిలిచింది లేదు. ఇప్పుడు ఏమని పిలవాలో తెలియడం లేదు.

వాణ్ణి మట్టికి అప్పగించిన మూడో రోజే మీరు క్యాంపుకు వెళ్ళిపోయారు. ఇంట్లో ఉన్నంతసేపూ గోడ వైపు తిరిగి కూర్చున్నారు. "అమ్మీ, అబ్బా నీ దిక్కు చూస్తలేడేంది?" అని తూబా అడిగితే, అలసిపోయాడమ్మా అన్నాను. చిన్నపిల్ల కాదు కదా, నమ్మలేదు.

మీ ఉత్తరం వాడికి చదివి వినిపించాను. తోడు వస్తానన్న స్నేహితుడు చివరి నిమిషంలో రానన్నాడు. అయినా మన వాడు, "గట్టి నేల దాకా పోత, మంచు ఉంటే ఆడ్నే ఆగుత. అబ్బా మాట తప్పనమ్మీ" అన్నాడు. నేను గుమ్మానికి అడ్డం పడాల్సింది. పడలేదు. అందుకు నా మీద కోపమా? ఉంటే వచ్చి తిట్టండి. ఈ మౌనం మాత్రం నేను మోయలేను.

వాడి చెప్పులు తలుపు దగ్గరే ఉన్నాయి. తీయడానికి నాకు చేతులు రావడం లేదు. ఇంటికి రండి. ఒక కప్పు కింద కూర్చుని ఏడుద్దాం.

బిల్కిస్

*

క్యాంపు

బిల్కిస్‌కు,

నీ మీద నాకు కోపం లేదు. నీ ముఖం చూడలేకే వచ్చేశాను.

ఇక్కడ కాపలావాళ్ళకు ఒక అలవాటు ఉంది. పొగమంచులో మనవాళ్ళు ఎవరైనా వస్తున్నారంటే, ఇటు ఉన్నాం అని తెలియడానికి బండి హారన్ మోగిస్తూ ఉంటాం. ఆ శుక్రవారం నా చెయ్యి నాకే కనిపించనంత మంచు. వచ్చేది నా కొడుకని ఆపకుండా మోగించాను. ఆగి ఉండమని రాసిందీ నేనే, రమ్మని పిలిచిందీ నేనే.

మంచు విడిచాక వాడు నాకు కనిపించింది నా ఒడ్డునే. ఎదుటి ఒడ్డున బండి దిగి, నా హారన్ విని, నీళ్ళకు అడ్డంగా నా వైపే నడిచి మునిగిపోయి ఉంటాడు. ఇంకేమిటి అర్థం? నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు ఎంత మంచు పడినా హారన్ ముట్టుకోను. "గిట్లయితే నాకు దారి ఎట్ల తెల్వాలె చాచా?" అని రసూల్ గొడవపడ్డాడు. నేను గుడారంలోకి వెళ్ళిపోయాను.

నన్ను ఇంటికి రమ్మనవద్దు.

జహాంగీర్

*

మెసైమీర్

ప్రియమైన అతీఖ్ అబ్బాకు,

మీ ఉత్తరం చదివి, నమాజు చేసే జానిమాజ్ మీద నుంచి లేవలేకపోయాను. రాత్రి దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

నిన్న సాయంత్రం అస్ర్ నమాజు తర్వాత ఎవరో తలుపు తట్టారు. భార్యాభర్తలు, వాళ్ళ చిన్న పాప. ఆమె పేరు మరీహా, ఆయన షాదాబ్. హైదరాబాద్ వాళ్ళు, అల్ అజీజియాలో ఉంటారు. ఆయన ఆసుపత్రి నుంచి వచ్చాక, పోలీసులను అడిగి అడిగి మన ఇల్లు కనుక్కున్నారట. అతీఖ్ పేరు కూడా వాళ్ళకు అప్పటిదాకా తెలియదు.

ఆ పొద్దున వాళ్ళు చక్రాల జాడ వెంట పోయి సబ్ఖాలో దిగబడ్డారు. పోటు మొదలైంది. కేకలు పెట్టారు. మన వాడి బండి మీ క్యాంపుకు ఎదుటి ఒడ్డున, గట్టి నేల మీదే ఆగి ఉంది, మీరు చెప్పినట్టే. వాడు బండికి తాడు కట్టి, దాన్ని పట్టుకుని కేకలు వినపడిన వైపు నీళ్ళలోకి దిగాడు. తాడు వాళ్ళ దాకా చాలలేదు. వదిలేసి ముందుకు పోయాడు. వాళ్ళను చేరాక ఒడ్డు ఎటు ఉందో ఎవరికీ తెలియలేదట. నలువైపులా ఒకే తెలుపు.

అప్పుడు మీ హారన్ వినిపించింది. వాడు నవ్వాడట. "అది మా అబ్బా. ఆపడు. ఆ సప్పుడు ఈపు ఎన్క ఉండేటట్టు నడువుండ్రి, గట్టి నేల దొరుకుతది" అన్నాడట. పాపను తల్లి భుజానికి ఎత్తాడు. షాదాబ్ కాళ్ళు బురదలో ఇరుక్కుంటే లాగి ముందుకు నెట్టాడు. వాళ్ళు ఒడ్డెక్కి తిరిగి చూస్తే వెనక వాడు లేడు. పోటే వాణ్ణి మీ ఒడ్డుకు చేర్చింది.

మరీహా నా చేతులు పట్టుకుని, "ఆ హారన్ నడుమల ఆగి ఉంటే మేం సముద్రంలకే నడుస్తుంటిమి ఆంటీ" అంది. పాప మన తూబా ఇచ్చిన బిస్కట్ తింటూ అందరి ముఖాలూ చూసింది.

ఇది విన్నాక నా ఏడుపు తగ్గిందని రాయను. ఇంకా ఎక్కువైంది. ఒకటి మాత్రం చెప్పాలి. ఈ మనుషులు రాకపోయినా, వాడు మీ హారన్ విని మీ వైపే నడిచాడన్నది నిజమే అయినా, తండ్రి పిలిస్తే వెళ్ళిన కొడుకనే అనుకునేదాన్ని. మీ ముఖం నేను చూడకుండా ఎలా ఉంటాను?

మీరు రానంటే నేనే వస్తాను. శుక్రవారం రసూల్ పక్కన కూర్చుని బయలుదేరుతున్నాను. తూబా వద్దంది, తర్వాత తనే నా శాలువా మడిచి పెట్టింది. పొద్దున మంచు ఉంటుందంటున్నారు. భయపడకండి, అది విడిచేదాకా మేము కదలం.

మీరు మాత్రం తెల్లవారగానే హారన్ మోగించండి. ఎవరి పిల్లలో ఆ నీళ్ళలో ఉండవచ్చు.

మీ బిల్కిస్,
అతీఖ్ అమ్మీ